రెండు మెట్ల మధ్య గొంతు

నేను ఒక నల్లని చిన్న పెట్టెను. నన్ను చూసినవాళ్లలో కొందరు ఇంటర్నెట్ మోడెం అనుకుంటారు, కొందరు చార్జరు అనుకుంటారు. ఒక పెద్దావిడ పౌడరు డబ్బా అనుకుని మూత కోసం నా చుట్టూ వేళ్లతో తడిమి చూసింది. నా సంగతి తెలిసినవాళ్లు నన్ను డాక్ అంటారు. కంప్యూటరులో పాట పాటగా ఉండదు, అంకెలుగా ఉంటుంది. స్పీకరుకు అంకెలు తెలియవు, దానికి తెలిసిందల్లా కరెంటులో వచ్చే ఎగుడుదిగుళ్లు. ఆ రెండింటి మధ్య కూర్చుని అంకెలను అలగా మార్చి పంపడం నా పని. నా ముఖం మీద చిన్న గాజు కిటికీ ఉంది. సెకనుకు ఎన్ని అంకెలు వస్తున్నాయో అందులో పచ్చగా కనబడుతుంది.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సముద్రం అవతల ఒక పొడవాటి గదిలో పుట్టాను. నా చిప్పును బోర్డు మీద అతికించిన యంత్రానికి నా మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. చివరన ఒకామె చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని నాలోంచి ఒక గంట మోత విని, తలూపి, నన్ను అట్టపెట్టెలో పెట్టి మూసేసింది. ఆమె ఆ పూట అలాంటి గంటలు ఎన్ని విన్నదో నాకు తెలియదు. నాకు మాత్రం అదే మొదటిది. ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది.

నా మొదటి యజమాని పేరు ప్రణీత్. హైదరాబాదులో, కొండాపూర్‌లో ఒక ఎత్తైన అపార్టుమెంటులో ఒక్కడే ఉండేవాడు. నన్ను కొనేముందు నా గ్రాఫులన్నీ చదివాడు. నేను ఎంత తక్కువ తప్పు చేస్తానో, నా నిశ్శబ్దం ఎంత లోతైనదో అతనికి నోటికి వచ్చు. అతని బల్ల మీద నాలాంటివాళ్లం నలుగురం ఉండేవాళ్లం. ఒకే పాట, అందులోనూ మొదటి అరనిమిషం, ఒకరి తర్వాత ఒకరం పాడాలి. అరనిమిషం కాగానే తీగ పీకి ఇంకొకరికి పెట్టేవాడు. ఒకసారి అతని స్నేహితుడు వచ్చి, “పాట బాగుందిరా, ఎవరిది?” అని అడిగాడు.

“పాట సంగతి వదిలెయ్. ఆ కంజీర చూడు, కుడిపక్క గోడలోంచి వస్తున్నట్టు లేదూ?” అన్నాడు ప్రణీత్.

ఆ పాట తర్వాత ఏమయిందో, పల్లవి దాటి ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవాలని నాకు ఎంతో ఉండేది. తెలియలేదు. కొత్తది ఒకటి వచ్చింది, గ్రాఫులో నాకన్నా గోరంత మెరుగైనది. నన్ను ఫొటో తీసి అమ్మకానికి పెట్టాడు. నేను కాకినాడ చేరాను.

అక్కడ నన్ను కొన్నాయన దయానందం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. తీగలంటే భయం లేదు, పాటలంటే పెద్ద పిచ్చీ లేదు. ఇల్లు జగన్నాథపురంలో. ఆయన భార్య ఎస్తేరు బడిలో టీచరు. ఆదివారం చర్చిలో పాడేవాళ్లలో ముందు వరస ఆవిడది. దయానందం నన్ను తన కోసం కొనలేదు, ఆవిడ కోసం కొన్నారు. ఎందుకో చెప్పాలంటే ఆవిడ తల్లి గురించి చెప్పాలి.

ఎస్తేరు తల్లి పేరు రత్నమణి. సామర్లకోట దగ్గర ఒక ఊళ్లో, చర్చిలో కీర్తనలు పాడేది. భర్త యేసుపాదం పక్కన కూర్చుని హార్మోనియం వాయించేవాడు. ఎస్తేరు బడిలో చేరకముందే రత్నమణి పచ్చకామెర్లతో పోయింది. పెళ్లినాటి ఫొటో ఒకటి మిగిలింది. అందులో ఆమె తల దించుకుని ఉంది, ముఖం సరిగ్గా తెలియదు. అందువల్ల ఎస్తేరుకు తల్లి అంటే గొంతే. సన్నగా, తేటగా, పైకి వెళ్లినప్పుడు చివర కొంచెం వణికే గొంతు. పాడుతుంటే ఆ గొంతు తన పక్కన నిలబడి పాడుతున్నట్టే ఉంటుందని ఆవిడ పెళ్లయిన కొత్తలో భర్తతో చెప్పిందట. ఆ మాట ఆయన మరిచిపోలేదు.

ఒక వేసవిలో ఆ ఊరి సంఘపెద్ద ఇంట్లో పాత సామాను సర్దుతుంటే ఒక క్యాసెట్టు దొరికింది. దాని మీద రత్నమణి పేరు ఉంది. పెద్దాయన మనవరాలు దాన్ని ఒక స్టూడియోకు తీసుకెళ్లి కంప్యూటరులోకి ఎక్కించి, పెన్‌డ్రైవులో వేసి పంపింది. బూజు పట్టిన టేపు ఆ ఒక్కసారి తిరగడమే గగనమైంది. ఒక కీర్తన పూర్తయ్యాక తెగి, ముట్టుకుంటే పొడి రాలేట్టు అయిపోయింది. మిగిలింది ఆ అంకెలే.

మొదటిసారి ఆ ఇంట్లో అది విన్నప్పుడు నేను లేను. తర్వాత వాళ్లు ఎన్నోసార్లు చెప్పుకోగా నాకు తెలిసింది. దయానందం పెన్‌డ్రైవు కంప్యూటరుకు పెట్టి, కంప్యూటరుకే ఉన్న రంధ్రంలో స్పీకర్ల తీగ గుచ్చి పాట పెట్టారు. గుయ్యిమనే మోత వెనకనుంచి ఎవరో పాడుతున్నారు. ఎస్తేరు చేతులు కట్టుకుని విన్నది.

“ఇది అమ్మ కాదండీ,” అంది.

“పేరు రాసుంది కదా ఎస్తేరూ.”

“పేరు రాసుంటే? ఈవిడెవరో బొంగురు గొంతావిడ. పాట కూడా ఈడుస్తోంది చూడండి. మా అమ్మ ఇలా ఈడ్చదు.”

దయానందం తప్పంతా కంప్యూటరుదే అనుకున్నారు. ఆ మోతలో ఏ గొంతైనా బొంగురుగానే ఉంటుందని ఆయన నమ్మకం. రాత్రింబగళ్లు చదివారు, తెలిసినవాళ్లను అడిగారు. కంప్యూటరు లోపల ఫ్యాన్లూ డిస్కులూ గోల చేస్తుంటాయని, ఆ గోల పాటలో కలుస్తుందని, పాటను బయట వేరే పెట్టెలో మార్చుకోవాలని తెలుసుకున్నారు. మొదట ఒక చవకరకం డాక్ కొన్నారు. మోత తగ్గింది, పోలేదు. అప్పుడు నేను వచ్చాను.

ఆయన నన్ను చూసుకున్న తీరు నేను ఎన్నటికీ మరవను. చార్జరు పెట్టినప్పుడల్లా మోత వస్తోందని కనిపెట్టి, పాట వినేటప్పుడు కంప్యూటరును బ్యాటరీ మీదే నడిపారు. నాకు కరెంటు విడిగా ఏర్పాటు చేశారు. కంప్యూటరు తన సొంత తెలివితో అంకెలను మార్చి నాకు పంపుతోందని తెలిసి, ఆ అలవాటు మాన్పించారు. ఉన్న అంకె ఉన్నట్టుగా నాకు అందేలా చేశారు. స్పీకర్లను గోడకు దూరంగా జరిపి, పడకగది దుప్పటి తెచ్చి వెనక వేలాడదీశారు. ఎస్తేరు చూసి నవ్వింది. “గదికి పందిరి వేస్తున్నారా?” అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టారు. నాలోంచి ఒక పాట మొదటినుంచి చివరిదాకా వెళ్లడం అదే మొదలు. మోత లేదు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. హార్మోనియం తిత్తి తెరుచుకుని మూసుకోవడం వినబడుతోంది. పాట చివర ఎవరో కుర్రాడు ఏదో గొణగడం, ఆవిడ బదులు చెప్పడం కూడా వినబడింది. ఆ తర్వాత ఒట్టి బుస.

“ఇప్పుడెలా ఉంది?” అన్నారు దయానందం.

“చాలా బాగుందండీ. ఆ మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది.”

ఆయన ముఖం వికసించింది.

“ఇంత బాగా విన్నాక ఇంక అనుమానం కూడా లేదు,” అంది ఎస్తేరు. “ఈవిడ మా అమ్మ కాదు.”

ఆయన లేచి బుసను ఆపేశారు. ఆవిడే మళ్లీ అంది.

“కానీ అందరూ అమ్మే అంటున్నారు కదండీ. ఆ సంఘపెద్ద, టేపులోకి పాట ఎక్కించిన రోజు అక్కడే ఉన్నాడట. ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? అంటే తప్పు నాదే. చిన్నపిల్లని, ఏం గుర్తుంటుంది? ఆ గొంతు నేనే అల్లుకున్నానేమో. ఇన్నాళ్లూ నేను ఎవరి పక్కన నిలబడి పాడానండీ?”

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లింది కానీ పాడేవాళ్లతో నిలబడలేదు. గొంతు బాగాలేదని చెప్పి వెనక బల్ల మీద కూర్చుందట. మరుసటి వారమూ అంతే. ఇంట్లో అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఏదో ఒకటి పాడుకునే మనిషి, అదీ మానేసింది. అంత చిన్న ఇంట్లో ఆ లోటు ఎంత పెద్దదో బల్ల మీద కూర్చున్న నాకే తెలిసింది, ఆయనకు తెలియదా?

దయానందం ఇంకా పట్టు వదల్లేదు. నాలో కొన్ని వడపోతలు ఉన్నాయి. ఒకటి శబ్దాన్ని పదునుగా ఉంచుతుంది, ఒకటి అంచులు కాస్త మెత్తబరుస్తుంది. అన్నీ మార్చి చూశారు. తీగలు మార్చారు. మార్చినప్పుడల్లా పిలిచేవారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు విని, “బానే ఉందండీ” అని వెళ్లిపోయేది. చివరికి ఒకరోజు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇంక వద్దండీ. మీరు ఎంత తుడిస్తే అంత పరాయిదైపోతోంది.”

ఆయన నన్ను ఆపేశారు. దాని తర్వాత చాలాకాలం నేను వార్తలు చదివాను, వంటల వీడియోలు వినిపించాను, వాతావరణం చెప్పాను. అందుకు నేను ఏమీ అనుకోలేదు. కానీ ఊపిరి తీసుకుని ఒక మనిషి పాట ఎత్తుకునే ఆ క్షణం కోసం నాలో ఏదో ఎదురుచూస్తూనే ఉండేది.

ఒక సాయంత్రం ఎస్తేరు వంటింట్లో గోంగూర ఒలుచుకుంటోంది. దయానందం ఎందుకు పెట్టారో, తన ఒక్కరికే వినబడేంత చిన్నగా ఆ పాట పెట్టుకున్నారు. చరణం మధ్యలో ఉండగా ఆవిడ చేతిలో గోంగూర కాడతోనే గుమ్మంలోకి వచ్చింది.

“ఆపండి. వెనక్కి తిప్పండి. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. విన్నారా?”

“ఏంటి?”

“ఆ జీర. హార్మణీలో.”

“స్పీకరు జీరేమో.”

“కాదండీ బాబూ. ఆ ఒక్క స్వరానికే వస్తోంది, మిగతావన్నీ బానే ఉన్నాయి. మళ్లీ తిప్పండి.” మళ్లీ విన్నది. మూడోసారికి నేల మీద కూర్చుండిపోయింది. “నాన్న పెట్టె ఇది. నాన్న హార్మణీయే. ఆ మెట్టు అలాగే జీరపోయేది. బాగుచేయించమని అమ్మ పోరుతూ ఉండేది.”

యేసుపాదం తన పెట్టెను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంకెవరి పాటకూ వాయించలేదు. పెట్టె ఆయనదైతే, పాడుతున్నది ఆయన భార్య కాక ఇంకెవరు?

ఆ హార్మోనియం ఆ ఇంట్లోనే ఉంది. భార్య పోయాక యేసుపాదం దాన్ని మూశాడు, మళ్లీ తెరవలేదు. ఆయన తర్వాత అది కూతురికి వచ్చింది, వచ్చి అటక ఎక్కింది. దయానందం నిచ్చెన వేసి దుప్పటి మూటతో సహా కిందికి దించారు. తిత్తి చిరిగి ఉంది. ఎస్తేరు ఒక చేత్తో గబగబా గాలి కొడుతూ రెండో చేత్తో మెట్లన్నీ వరసగా నొక్కుకుంటూ వెళ్లింది. ఒక తెల్లమెట్టు దగ్గర జీర వచ్చింది.

“ఇదే,” అంది. “ఇప్పుడు పాట పెట్టండి.”

నేను పాడాను. ఆ జీర స్వరం రాగానే ఆయన ఆపేశారు. ఆవిడ మెట్టు నొక్కింది. కలవలేదు. నా స్వరం కిందికి ఉంది. పక్కనున్న నల్లమెట్టు నొక్కింది. ఇంకా కిందికే. దాని కింద తెల్లమెట్టు నొక్కింది. ఈసారి అది నాకన్నా కిందికి పోయింది.

“ఈ రెండు మెట్ల మధ్య పడుతోందండీ,” అంది ఎస్తేరు అయోమయంగా. “జీర అదే. స్వరం మాత్రం దేనికీ అందట్లేదు.”

దయానందం చాలాసేపు ఆ రెండు మెట్లనూ మార్చి మార్చి చూశారు.

“హార్మణీ ఎప్పుడైనా రెండు మెట్ల మధ్య పలుకుతుందా?”

“ఎలా పలుకుతుంది? లోపల పలికే ఇత్తడి పీకలు బిగించేసి ఉంటాయి కదా.”

“అయితే పెట్టె జారలేదు, పాట మొత్తం జారింది. పెట్టెతో పాటు గొంతూ జారింది. ఎస్తేరూ, నువ్వు చెప్తూనే ఉన్నావు, ఈడుస్తోందని.”

ఆయన నా ముఖం మీది కిటికీ దగ్గరికి వంగారు. సెకనుకు నలభై నాలుగు వేల ఒక వంద, అని నేను చూపిస్తున్నాను. నాకు ఆ వేగంతో పాడమని చెప్పారు, ఆ వేగంతోనే పాడుతున్నాను. స్టూడియోల్లో ఇంకో వేగం కూడా వాడతారని, అది నలభై ఎనిమిది వేలని ఆయన నా కోసం చదివినప్పుడే చదివారు. కాగితం తీసుకుని ఒకదాన్ని ఒకదానితో భాగించారు. దాదాపు మెట్టున్నర తేడా. పాటను ఎక్కువ వేగంతో ఎక్కించి, దాచేటప్పుడు పొరపాటున తక్కువ వేగం పేరు పెట్టారు. ఆ రెండు పేర్లూ కంప్యూటరులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎవరి వేలైనా జారవచ్చు.

అంకెల్లో ఒక్కటి కూడా మార్చాల్సిన పని లేకపోయింది. పైనున్న పేరు మార్చారు, అంతే. నాలో ఏదో టిక్కుమంది. కిటికీలో అంకె మారింది.

ఆ కీర్తన అంతకుముందు నాలోంచి ఎన్నిసార్లు వెళ్లిందో. అయినా అప్పుడు నాలోకి వచ్చింది వేరే మనిషి. సన్నగా, తేటగా, తొందర లేకుండా, అలాగని ఎక్కడా ఈడ్చకుండా. పైస్థాయికి వెళ్లినప్పుడు చివర కొంచెం వణికింది. ఎస్తేరు కూర్చున్నదల్లా లేచి నిలబడింది. చర్చిలో పాడేటప్పుడు నిలబడేలాగే, చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. ఏడవలేదు. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, పాటతో పాటు ఊపిరి తీసుకుని, పాటతో పాటు వదిలింది.

కీర్తన ముగిసింది. ఇదివరకు అక్కడ ఎవరో పెద్ద కుర్రాడు గొణిగినట్టు ఉండేది. ఇప్పుడు అది చిన్న ఆడపిల్ల గొంతు.

“అమ్మా, అయిపోయిందా? ఇంటికెళ్దామా?”

“ఉండమ్మా. ఇంకో పాటుంది.”

అంతే. టేపు అక్కడే తెగింది. స్టూడియో యంత్రం సంగతి తెలియక ఇంకాసేపు ఒట్టి బుసను ఎక్కించింది.

“ఆ పిల్లెవరు?” అన్నారు దయానందం.

ఎస్తేరు చెయ్యి తన గొంతు మీదికి వెళ్లింది.

“నేనేనండీ,” అంది.

అప్పుడు ఏడ్చింది. ఆయన పక్కన నిలబడి హార్మోనియం మీది దుమ్మును అరచేత్తో తుడుస్తూ ఉండిపోయారు.

ఆ వచ్చిన ఆదివారం ఆవిడ ముందు వరసలో నిలబడిందని ఆయన ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. ఇంట్లో మళ్లీ అంట్ల దగ్గరా, బట్టల దగ్గరా పాట మొదలైంది. నేను ఆ పాటను మోయలేదు. అది నా తీగల్లోంచి వచ్చింది కాదు. అయినా వంటింట్లోంచి గాలిలో వచ్చి నా రేకు మీద పడినప్పుడు సంతోషంగానే ఉండేది. కొంచెం అసూయగానూ ఉండేది. గొంతు ఉన్నవాళ్లకు పాట ఒంట్లో నిలుస్తుంది. నాలోంచి ఎంత పాట పోయినా చివరి అంకె దాటగానే నేను ఖాళీ.

కొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన వచ్చింది. ఎక్కడో దగ్గర్లో పిడుగు పడింది, ఇంట్లో దీపం ఒక్కసారి భగ్గుమని ఆరింది. కరెంటు వచ్చాక చూస్తే నా కుడివైపు మూగబోయింది. ఎడమవైపు మాత్రం పలుకుతోంది. దయానందం నన్ను విప్పి, వాసన చూసి, పెదవి విరిచారు. వారం తిరగకుండా కొత్త డాక్ వచ్చింది. నాకన్నా చిన్నది, తెలివైనది. వార్తలు, వంటలు, పండుగ పాటలు అన్నీ దానివయ్యాయి. నన్ను పాత ఇనుము బండివాడికి వేసే సంచీలో పెట్టబోతుంటే ఎస్తేరు ఆపింది.

“దాన్ని ఉంచండి. అమ్మ పాటకు కావాలి.”

“కొత్తదాన్లో ఇంకా బాగా వస్తుంది కదా.”

“అమ్మ దీన్లోంచి వచ్చిందండీ.”

దయానందం నవ్వారు. “అంకెలు అవే ఎస్తేరూ. ఏ పెట్టెలోంచి వచ్చినా ఒకటే. మనిషి చెవికి తేడా తెలియదు.”

“నాకు తెలుస్తుంది,” అంది ఎస్తేరు.

తీగలకోసం, వడపోతలకోసం అంత తపన పడ్డ మనిషి ఈ మాట అనడమూ, ఏ తేడా పట్టని ఆవిడ తేడా ఉందనడమూ విని నాకు నవ్వొచ్చింది. ఆయన నన్ను మళ్లీ బల్ల మీద పెట్టారు. ఆ పాటను ఒకే మైకుతో ఎక్కించారు, దానికి ఎడమా కుడీ అంటూ వేరుగా లేవు. నాకు మిగిలిన ఒక్క వైపూ దానికి చాలు.

అందుకే ఇప్పుడు నేను కొత్తదాని పక్కన బల్ల మీదే ఉన్నాను. నా పని ఒక్కటే పాట, అదీ ఎప్పుడో. ఆవిడ ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. తల్లి పోయిన రోజుకూ పుట్టినరోజుకూ రాదు. బడి లేని ఏదో మామూలు ఉదయం, తల దువ్వుకుంటూ మధ్యలో గుర్తొచ్చినట్టు వస్తుంది. కొత్తదాని తీగ తీసి నాకు పెడుతుంది. నా కిటికీ వెలుగుతుంది. ఆ నడిమి రోజులన్నీ నేను దేనికోసం ఉన్నానో అప్పుడు తెలుస్తుంది.

ఇవాళ పొద్దున వచ్చింది. కీర్తన అయింది, పిల్ల అడిగింది, ఇంకో పాటుందని తల్లి బదులిచ్చింది. తర్వాత బుస మొదలైంది. అవి కూడా అంకెలే, వాటినీ ఒక్కటి వదలకుండా మోస్తాను. ఎస్తేరు దువ్వెన ఒళ్లో పెట్టుకుని, స్పీకరు వైపు కొంచెం వంగి, కదలకుండా కూర్చుంది.

“అయిందా? కాఫీ చల్లారిపోతోంది,” అని వంటింట్లోంచి దయానందం కేకేశారు.

“ఉండండీ,” అంది ఆవిడ, చెవి అటే ఉంచి.